గాలి మీద బండి

ఆ ఏడు వేట నిషేధం మొదలైన మర్నాడే జయంత్ బండి మా షెడ్డుకి వచ్చింది.

ఏప్రిల్ నెల నడిమి. ముందురోజే యారాడ ఒడ్డున పడవలన్నీ ఇసుక మీదికి లాగేశారు. ఇంజన్లు విప్పి ఇళ్లకి మోసుకుపోయారు. ఇక అరవై ఒక్క రోజులు ఇంజను పడవ ఏదీ సముద్రంలోకి వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. మా ఊరి మగవాళ్లకి మాత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని కాలం. అలవాటు కొద్దీ వేకువనే లేస్తారు. ఒడ్డుకి వెళ్లి అలల వైపు చూస్తారు. వచ్చి మళ్లీ పడుకుంటారు.

నాకు ఆ బెంగ లేదు. అప్పటికి ఎనిమిదేళ్లుగా గాజువాక ఆటోనగర్‌లో గురువులు మేస్త్రీ షెడ్డులో పని చేస్తున్నాను. కొండలూ గుట్టలూ ఎక్కించడానికి ఎత్తు పెంచుకున్న బండ్లకి సస్పెన్షన్ పని మాది.

జయంత్ తెచ్చినదీ అలాంటిదే. నల్లటి బండి, తొడ దాకా వచ్చే టైర్లు. వెనక ఇనప స్ప్రింగులు తీసేసి వాటి జాగాలో దళసరి రబ్బరు బెలూన్లు పెట్టించాడు ఎక్కడో. వాటిలో గాలి నింపితే బండి వెనక భాగం లేస్తుంది, వదిలితే దిగుతుంది. బరువు పడి వెనక కుంగిందనుకోండి, ఇరుసు దగ్గరున్న చిన్న లింకు రాడ్డు కదిలి వాల్వు తెరుచుకుంటుంది. కంప్రెసర్ గాలి కొడుతుంది. బండి మళ్లీ మనం పెట్టిన ఎత్తుకి వచ్చి నిలబడుతుంది. పెట్టడమంటూ సరిగ్గా పెడితే.

"ముక్కు పైకీ తోక కిందికీ ఉంది చూడండి అర్జున్ గారూ," అన్నాడు జయంత్. ముప్పై అయిదేళ్లుంటాయి. మధురవాడలో అపార్ట్‌మెంటు. ఇస్త్రీ చొక్కా నలగకుండా మా నూనె బెంచీ అంచున కూర్చున్నాడు. ఎనిమిదేళ్లలో నన్ను గారూ అని పిలిచిన మొదటి కస్టమరు అతనే. "నాకు ఒక్కటే కావాలి. వెనక ఎంత సామాను వేసినా బండి ఖాళీగా ఉన్నట్టే కనపడాలి."

"వెనక దిగితే లైట్లు ఆకాశంలోకి కొడతాయి కదా సార్," అన్నాను.

"అదే, అదే," అన్నాడు నవ్వి.

చదునైన గచ్చు మీద బండి నిలబెట్టాను. నాలుగు టైర్లలో గాలి సమానం చేశాను. ప్రతి చక్రం నడిమి నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా టేపు పెట్టి కొలిచాను. ముందు ఇరవై మూడు అంగుళాలు, వెనక ఇరవై ఒకటిన్నర. లింకు రాడ్డు మీద నట్టు కొంచెం తిప్పడం, బండిని కిందికీ పైకీ ఊపడం, అది సర్దుకునే దాకా ఆగడం, మళ్లీ కొలవడం. తొందరపడితే కుదిరే పని కాదు. మరీ ఎక్కువ లేపితే బ్రేకు గొట్టం బిగుసుకుపోతుంది, షాక్‌లు కొస దాకా సాగి కొట్టుకుంటాయి. మధ్యాహ్నానికి ముందూ వెనకా సమానం చేశాను. ఖాళీ బండికి గేజీ మీద ముప్పై పాయింట్ల గాలి సరిపోయింది.

జయంత్ చాలా సంతోషించాడు. వెళ్తూ వెళ్తూ అడిగాడు. "అరకు వైపు క్యాంపులు పెడుతుంటాం. ఘాట్ రోడ్డు తెలిసిన డ్రైవరు కావాలి, నెమ్మదైన మనిషి. ఎవరైనా ఉన్నారా?"

మా బావ సింహాద్రి ఉన్నాడని చెప్పాను. మా అక్క సూర్యకళ మొగుడు. మా వైపు అక్కని అప్ప అంటాం. నిషేధం రోజుల్లో ఘాట్ మీద ఎండుచేపల వ్యాను తోలిన చెయ్యి, లైసెన్సు ఉంది, తాగడు. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఎవరూ అడిగి రాబట్టలేదు.

బావ బండి తెచ్చి మా వీధి చివర నిలబెడితే ఊరంతా చూడ్డానికి వచ్చింది. ఐదేళ్ల మేనకోడలు సాయిదుర్గ ఆ టైరు పక్కన నిలబడి, అది తనకంటే ఎంత పొట్టో అందరికీ చూపించింది. అప్ప బండి కడగడానికి బిందెలతో నీళ్లు మోసింది. వారానికి రెండుసార్లు బావ కొండల వైపు వెళ్లొచ్చేవాడు. ఏం చూశావంటే, "సలి. ఎండాకాలం కూడా సలే," అనేవాడు. ఆ తర్వాత ఆ మాట కూడా అనడం మానేశాడు. అన్నం ముందు కూర్చుని మెతుకులు కలుపుతూ ఉండేవాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం, షెడ్డు రేకుల కింద ఊపిరాడని వేడిలో ఉండగా ఫోను వచ్చింది.

"అర్జునా, వెనక కుంగిపోనాది. మళ్లీ నెమ్మదిగా లేత్తంది గానీ, ఏదో సప్పుడొస్తంది."

"గేజీ ఎంత సూపిత్తంది బావా?"

"డెబ్బై."

నేను రెంచి కింద పెట్టాను. ఆ బండి గాలి లెక్క నాకు వేళ్ల కొసల్లో ఉంది. పది పాయింట్లు పెరిగాయంటే వెనక సుమారు వంద కిలోలు పడినట్టు. ముప్పైకీ డెబ్బైకీ మధ్య నాలుగు వందల కిలోలు.

"ఏటేసేరు బావా వెనక?"

"ఏట్లేదు. టెంట్లు."

"టెంట్లు డెబ్బై సూపించవు."

అవతల ఎవరో మగమనిషి దగ్గాడు. బావ గొంతు మారింది. "సరేలే, వచ్చేక సూద్దుం," అని పెట్టేశాడు.

వారం తర్వాత బండి షెడ్డుకి వచ్చింది, చప్పుడు చూడమని. వెనక కార్పెట్టు ఎత్తి గాలి పైపు తడుముతుంటే పొట్లాలకి చుట్టే గోధుమరంగు ప్లాస్టరు ముక్క వేలికి తగిలింది. దానికి అంటుకుని ఎండిన ఆకు పొడి, రెండు గింజలు. వాసన చూడాల్సిన పని లేదు. ఆ కొండల మీంచి గంజాయి దిగుతుందని విశాఖలో పెరిగిన ప్రతివాడికీ తెలుసు. ప్రతివారం ఎక్కడో ఒకచోట ఎవడో ఒకడు దొరికాడని పేపర్లో వస్తుంది. దొరికినవాడు ఎప్పుడూ డ్రైవరే. వెనక కుంగిన బండి కనపడితే పోలీసులు ముందు దాన్నే ఆపుతారు. బండి ఖాళీగా ఉన్నట్టే కనపడాలని జయంత్ ఎందుకన్నాడో అప్పుడు తలకెక్కింది.

నేనప్పుడు చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆ పొడిని తడిగుడ్డతో తుడిచేశాను. గుడ్డ తీసుకెళ్లి మురిక్కాలువలో పారేశాను. గురువులు మేస్త్రీ చూసి, "ఏట్రా, కొత్త గుడ్డ పారేసేవు?" అన్నాడు. నూనె పట్టిందన్నాను.

ఆ సాయంత్రం బావ ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. పక్కన కూర్చున్నాను.

"నీకు తెలుసా బావా, ఏటి మోత్తన్నావో?"

వలలోంచి తల ఎత్తలేదు. "మొదటి ట్రిప్పుకి తెల్దు. రెండోదానికి తెలిసింది. మూడోదానికి రానని సెప్పీసినాను."

"మరి?"

"కోప్పడలేదురా. తిట్టలేదు. సాయిదుర్గ బడి ఎప్పుడు తెరుస్తారు అని అడిగీడు." అప్పుడు నా మొహంలోకి చూశాడు. "నానెప్పుడూ ఆయనకి పాప పేరు సెప్పలేదు అర్జునా."

"పోలీసులకి సెప్పీద్దాం."

"ఏటని సెప్తావు? బండి తోలినోడిని నాను. ఎత్తు పెట్టినోడివి నువ్వు." దారం పళ్లతో తెంపాడు. "ఇంకెన్నాళ్లు? జూన్ పద్నాలుగుతో నిషేధం అయిపోద్ది. వేట తెరిసీగానే సముద్రంలోకి ఎలిపోతాను. అక్కడికొచ్చి పిలవడు గదా."

నేను ఆ మాటని నమ్మడానికి ప్రయత్నించాను. రోజులు లెక్కపెట్టుకున్నాను. ఆ రోజుల్లో సాయిదుర్గ వీధిలోకి వెళ్లి అయిదు నిమిషాలు కనపడకపోతే బావ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తేవాడు. అప్ప నవ్వేది. వేట లేక ఈయనకి పిచ్చి పట్టిందని మా అమ్మ పోతమ్మతో చెప్పేది.

జూన్ మొదటి ఆదివారం మధ్యాహ్నం జయంత్ మా ఇంటికి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. ఇల్లెక్కడో ఎవరినీ అడగకుండా నేరుగా మా గుమ్మం ముందు దిగాడు. మామిడిపళ్ల బుట్ట అమ్మ చేతికిచ్చి, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అప్ప ఎండునెత్తళ్ల కూరతో అన్నం పెట్టింది. ముళ్లు ఏరకుండా నమిలి తిన్నాడు. ఇంత రుచి ఎక్కడా తినలేదన్నాడు. అప్ప పొంగిపోయింది.

"సూర్యకళ గారూ, మీరు అరకు చూశారా?"

"నానెప్పుడు సూసేను బాబూ. పక్కనే ఉన్నాదంటారు, ఎల్లింది లేదు."

"అయ్యో. ఈ శుక్రవారం సింహాద్రి వెళ్తున్నాడు. మీరూ పాపా కూడా వెళ్లండి. పాపకి బడి తెరిచేలోగా సరదా." చెయ్యి కడుక్కుంటూ నా వైపు తిరిగాడు. "బండిలో ఆడవాళ్లూ పిల్లలూ ఉంటే దారిలో ఎవరూ ఆపరు కూడా. హాయిగా వెళ్లి రావచ్చు. ఏమంటారు అర్జున్ గారూ?"

బావ కంచం వైపు చూస్తున్నాడు. కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. సాయిదుర్గ జయంత్ ఒళ్లో ఎక్కి అతని వాచీ తిప్పుతోంది.

అతను వెళ్లిపోయాక అప్పతో వెళ్లొద్దన్నాను. ఎందుకంది. ఎండ అన్నాను. "అక్కడ సలని మీ బావ సెప్తుంటే ఎండంటావేట్రా? నానెక్కడికీ కదలకూడదా?" అని కసిరింది. అది నిజమే. పెళ్లయ్యాక అప్ప వెళ్లిన దూరప్రయాణం అంటే కేజీహెచ్‌ ఆసుపత్రిలో కాన్పుకి. బావ నన్ను బయటికి లాక్కుపోయాడు. "దానికి సెప్పకు. అది ఊరుకోదు, వీధిలోకొచ్చి అరుస్తాది. ఆళ్లకి మనిల్లు తెలుసు." మెల్లగా అన్నాడు. సముద్రంలో తుఫానులో చిక్కుకుని రెండు రోజులకి ఒడ్డుకి వచ్చినప్పుడు కూడా బావ అంత మెల్లగా మాట్లాడ్డం నేను వినలేదు.

బుధవారం బండి షెడ్డుకి వచ్చింది. బావతోపాటు వీర్రాజు కూడా దిగాడు. జయంత్ మనిషి. ఫోనులో దగ్గింది ఇతనే అని దగ్గగానే తెలిసింది.

"ఈపాలి సామాను జాస్తి. ఎనక ఇంకో అంగుళం లేపీమన్నారు సారు," అన్నాడు. ఐదు వందల కిలోలు పైనే ఎక్కిస్తారన్నమాట. గేజీ ఎనభై దాటుతుంది. దాని మధ్యలో మా అప్ప, సాయిదుర్గ.

గురువులు మేస్త్రీ అవతల లారీ కింద ఉన్నాడు. వీర్రాజు నా వెనకే నిలబడి ఫోనులో ఏదో చూస్తున్నాడు. బావ పాత టైరు మీద కూర్చున్నాడు. నేను టేపు పెట్టి కొలిచాను. లింకు రాడ్డు నట్టు తిప్పి, అంగుళం పెంచాను. బండి ఊపి, ఆగి, మళ్లీ కొలిచాను. అన్నీ మామూలుగానే చేశాను.

తర్వాత కంప్రెసర్ దగ్గర రబ్బరు మూత తీశాను. దాని కింద చిన్న స్క్రూ ఉంటుంది. ఎంత గాలి దాకా కొట్టి కంప్రెసర్ ఆగిపోవాలో అది నిర్ణయిస్తుంది. నూటపది దగ్గరున్నదాన్ని అరవై దగ్గరికి తెచ్చాను. మూత పెట్టేశాను. చెయ్యి తుడుచుకున్నాను.

"అయిపోనాదా?" అన్నాడు వీర్రాజు.

"అయిపోనాది."

ఖాళీ బండి అడిగిన ఎత్తుకి నిక్కచ్చిగా లేచి నిలబడింది. ఖాళీ బండికి అరవై ఎక్కువే మరి. వీర్రాజు చుట్టూ తిరిగి చూసి తలూపాడు.

నేను అనుకున్నది ఇంతే. కొండ మీద సరుకు ఎక్కిస్తారు, వెనక లేవదు, కుంగిన బండితో ఘాట్ దిగే ధైర్యం చెయ్యరు, సరుకు దించేస్తారు. మావాళ్లు ఖాళీ బండిలో తిరిగొస్తారు. అంతకు మించి ఆలోచించలేదు. అంతకు మించి ఆలోచిస్తే ఆ స్క్రూ తిప్పగలిగేవాడిని కాదేమో.

శుక్రవారం వేకువనే వెళ్లారు. అప్ప పెళ్లినాటి పసుపు చీర కట్టుకుంది. పులిహోర మూట కట్టింది. సాయిదుర్గ కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది, బండి కొండ మలుపు తిరిగే దాకా.

మధ్యాహ్నం మూడు దాటాక ఫోను మోగింది. షెడ్డు బయటికి వచ్చి తీశాను.

"అర్జునా, వెనక లెగట్లేదు." బావ గొంతు చాలా మామూలుగా ఉంది. పక్కన మనిషి వింటుంటే మాట్లాడే గొంతు.

"గేజీ?"

"అరవై. అక్కడే ఆగిపోనాది. కంప్రెసరు కొట్టట్లేదు. ఘాట్ దిగిపోనాం. ఎస్ కోట దగ్గరికి వచ్చీసినాం."

దిగిపోయారు. సరుకు దించలేదు. కుంగిన బండితోనే వచ్చేశారు. అక్కడే రాళ్ల మీద కూర్చున్నాను. వెనక సాయిదుర్గ ఏదో పాట పాడుతోంది. అప్ప, "ఉష్, నాన్న ఫోనులో ఉన్నాడు," అంటోంది.

"సరుకు దించీమను బావా."

"దించరు."

వీర్రాజు గొంతు అడ్డమొచ్చింది. "ఏటి సెయ్యాలో అడగవేటి? ముందు పోలీసులుంటారు."

చెయ్యాల్సింది నాకు తెలుసు. మూత తీసి స్క్రూ రెండు చుట్లు తిప్పమంటే చాలు. నిమిషం పని. బండి లేస్తుంది. ఎవరూ ఆపరు. రాత్రికి అందరూ ఇంట్లో ఉంటారు. ఆ తర్వాత వచ్చే శుక్రవారం మళ్లీ వెళ్తారు. ఆ పై శుక్రవారం కూడా. వేట తెరిచినా, మూసినా.

"స్పీకర్లో పెట్టు బావా," అన్నాను. "వెనక సీట్లో ఎవులున్నారు?"

"మీ అప్ప. పాప."

"ఆళ్లు సరిగ్గా ఇరుసు మీద కూకున్నారు. బరువంతా అక్కడే పడతంది. ఎస్ కోటలో దింపీసి బస్సెక్కించీండి. మనుషులు దిగితే రొండంగుళాలు లేత్తాది."

"నిజంగానా?" అన్నాడు వీర్రాజు.

"ఎనిమిదేళ్ల నుంచి సేత్తన్న పని. నీకు తెలుసా, నాకు తెలుసా?"

పచ్చి అబద్ధం. ఒక ఆడమనిషీ ఒక పసిపిల్లా దిగితే ఆ బండి వేలి మందం కూడా లేవదు. వీర్రాజుకి ఆ సంగతి తెలియదు. బావకి తెలుసో లేదో అర్థం కాలేదు. ఇంజను చప్పుడు మాత్రం వినపడింది.

"సరే అర్జునా," అన్నాడు చివరికి. "నువ్వెలా సెప్తే అలాగే."

అరగంటకి అప్ప ఫోను చేసింది. బస్టాండులో ఉంది. కోపంతో ఊగిపోతోంది. "బండి బరువైపోనాదంట! పెళ్లాం బిడ్డ బరువైపోనారంట! నువ్వే సెప్పేవంట గదా?" నేను విన్నాను. బస్సెక్కాక ఫోను చెయ్యమన్నాను. ఎక్కానని చెప్పాక గానీ రాళ్ల మీంచి లేవలేదు.

బావని పద్మనాభం దాటాక పట్టుకున్నారు. మధురవాడ వైపు వెళ్లే లోపలి దారి అది. అటూ ఇటూ వరి మళ్లు. బండి వాలకం చూసి చెయ్యెత్తారట. వీర్రాజు తలుపు తీసుకుని మళ్లలో పడి పారిపోయాడు. బావ ఇంజను ఆపి, చేతులు స్టీరింగు మీద పెట్టుకుని కూర్చున్నాడట. సరుకు అయిదు వందల పది కిలోలని మర్నాడు పేపర్లో వేశారు. ఫొటోలో బావ మొహానికి నల్లగుడ్డ ఉంది. లుంగీ చూసి అప్ప గుర్తుపట్టింది.

పోలీసులు షెడ్డుకి వచ్చారు. బండి ఎత్తు కొలిచానా అని అడిగారు. కొలిచానన్నాను. గురువులు మేస్త్రీ ముందుకి వచ్చి, "అందరి బండ్లూ కొలుస్తాం బాబూ, ఏటేసుకుంటారో మాకేటి తెలుసు," అన్నాడు. వాళ్లు వెళ్లాక నా వైపు చాలాసేపు చూసి తన పనిలోకి పోయాడు. పోలీసులకి జయంత్ పేరు కూడా చెప్పాను. మధురవాడ అపార్ట్‌మెంటు ఖాళీగా ఉందన్నారు. బండి ఎవరో చనిపోయిన మనిషి పేరు మీద ఉందట.

వేట తెరిచారు. పడవలన్నీ పసుపూ కుంకుమా పెట్టుకుని సముద్రంలోకి దిగాయి. బావ వేటకెళ్లే దేవీప్రసాద్ పడవ ఒక మనిషి తక్కువతో వెళ్లింది.

జులైలో ఒక పొద్దున్న షెడ్డులో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోను.

"బండి ఎందుకు లేవలేదు అర్జున్ గారూ?"

అదే గొంతు. అంతే మెత్తగా.

"మనుషులు దిగితే లేస్తుందన్నారట. వీర్రాజు చెప్పాడు. నాకు మెకానిక్కు పని తెలీదు కదా, అందుకని ఇంకొకరిని అడిగాను. ఆయన నవ్వాడు. పాప బడికి వెళ్తోందా?"

జవాబు కోసం ఆగలేదు. పెట్టేశాడు. ఆ రోజు మధ్యాహ్నమే బడి దగ్గరికి పోయి సాయిదుర్గని ఇంటికి తీసుకొచ్చేశాను. కడుపునొప్పని టీచరుకి చెప్పాను. మర్నాడు కూడా అదే చెప్పాను. అప్పకి ఏమీ చెప్పలేదు.

ఆ వారమే జైల్లో బావని చూడ్డానికి వెళ్లాం. ముందు అప్ప మాట్లాడి వచ్చింది. తర్వాత నేను వెళ్లాను. జాలీకి అవతల బావ చిక్కిపోయి ఉన్నాడు.

"ఆ రబ్బరు మూత కింద స్క్రూ ఉంటాదని నాకు తెల్దనుకున్నావేటి?" అన్నాడు. "రొండు నెలలు ఆ బండితోనే బతికేను. ఆళ్లు దిగిపోయేక రోడ్డు పక్కన ఆపి, ఒంటికని సెప్పి దిగి సూసేను. కొత్తగా తిప్పిన గీత మెరుస్తంది."

"మరి తిప్పుకోలేదేటి బావా?"

"పాప దిగిపోనాది గదా." అదేదో పెద్ద విషయం కానట్టు చెప్పాడు. "ఇంక లేత్తే ఎంత, లెగకపోతే ఎంత."

తిరుగు ప్రయాణంలో ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు మారాం. సింధియా దగ్గర దిగి యారాడ బస్సు కోసం నిలబడ్డాం. పోర్టు లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. అప్ప కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, రోడ్డు వైపే చూస్తూ అడిగింది.

"నానూ పాపా దిగితే అంత తేలికైపోద్దేటిరా బండి?"

"అవదప్పా," అన్నాను.

అంతా చెప్పాను. తుడిచేసిన పొడి, స్క్రూ, ఫోనులో ఆడిన అబద్ధం, జులైలో వచ్చిన గొంతు. బస్సు వచ్చింది. ఎక్కాం. అప్ప కిటికీ పక్కన కూర్చుని చేతిలో టికెట్టు ముక్కలు ముక్కలుగా చింపింది. బస్సు కొండెక్కి, అవతల సముద్రం కనపడే మలుపు దగ్గరికి వచ్చాక నోరు విప్పింది.

"రేపట్నుంచి షెడ్డుకెల్లకు. దేవీప్రసాద్ పడవలో మీ బావ జాగా ఉంది. సముద్రం మీదికి ఎవుడి ఫోనూ రాదు."

"మరి నువ్వో? పాపో?"

"నీ ఫోను నాకిచ్చీసి ఎల్లు," అంది.

మర్నాడు వేకువనే ఎనిమిదేళ్ల తర్వాత పడవ నెట్టాను. అప్ప ఒడ్డున నడుముకి కొంగు బిగించి నిలబడింది. నా ఫోను ఆమె చేతిలో ఉంది. అలలు దాటి పడవ నిలకడకి వచ్చాక వెనక్కి చూశాను. తెల్లవారుతోంది. అప్ప ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉంది. చాలాసేపు అలాగే నిలబడింది. ఆమె పెదవులు కదులుతున్నాయో లేదో అంత దూరం నుంచి తెలియలేదు.

తిరిగొచ్చి ఫోను చూస్తే, ఆ వేకువన జయంత్ నంబరుకి అప్పే చేసినట్టుంది. ఆ నంబరు నుంచి మళ్లీ ఫోను రాలేదు. సాయిదుర్గ బడికి వెళ్తోంది. రోజూ అప్పే దింపుతుంది, అప్పే తీసుకొస్తుంది. ఆ పొద్దున్న అతనితో ఏం చెప్పావు అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఒకటే మాట అంది.

"నీకెందుకు? వల సూసుకో."